మొగిలయ్య ముందరి పండ్లు

గుర్రాన్ని మొగిలయ్య పెండ్లాం సమ్మమ్మ ఎన్నడూ తిట్టలేదు. అది కూడా బెదిరిందే కదా. పెండ్లి బరాత్ మండిబజార్ మూల తిరుగుతుంటే ఎవడో సంబరం పట్టలేక దాని కాళ్ల సందున పటాకుల సరం అంటించాడు. పెండ్లికొడుకు వైపు తిరిగి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, కండ్లు మూసుకొని క్లారినెట్ వాయిస్తున్నాడు మొగిలయ్య. గుర్రం ఎగరేసిన తల కింది నుంచి వచ్చి క్లారినెట్ గొట్టానికి తగిలింది. నోట్లో ఉన్న మౌత్‌పీసు పై దవడను తన్నింది. పాట తెగిపోయింది. వెనకున్న డోలుకు సంగతి తెలియక ఇంకో నాలుగు దెబ్బలు పడ్డాక అదీ ఆగింది.

అది డెబ్బై ఎనిమిది ఎండాకాలం. పొద్దుగూకే వేళ వరంగల్ శివనగర్‌లో తన ఇంటి అరుగు మీద కూర్చొని సమ్మమ్మ బీడీలు చేస్తోంది. రిక్షా వచ్చి ఆగింది. బ్యాండు యజమాని ఖాజా మొహినుద్దీన్ ముందు దిగి, మొగిలయ్యను చంక కింద చెయ్యేసి దించాడు. ఎర్ర కోటు మీద రక్తం అంతగా తెలియలేదు కానీ మూతికి అదిమి పట్టుకున్న తువ్వాల మాత్రం నిండా తడిసింది. రెండో చేతి పిడికిలి మూసి ఉంది. సమ్మమ్మ విప్పి చూసింది. పై వరుస ముందరి పండ్లు, రెండూ.

“వదినా, ఫికర్ చెయ్యకు. పండ్లే పోయినయ్. పానం మంచిగనే ఉంది” అన్నాడు ఖాజా.

“పండ్లు లేకుంట ఎట్ల ఊదుతడు ఖాజన్నా?”

ఖాజా రిక్షావాడికి పైసలిచ్చేందుకు వెనక్కి తిరిగాడు. క్లారినెట్ వాయించేవాడికి కింది పెదవి మెత్త, పై పండ్లు ఆధారం. మౌత్‌పీసు వాటి మీదే ఆనాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మొగిలయ్యది పరకాల దగ్గరి పల్లె. మంగలి ఇల్లు. తండ్రి పొద్దున కత్తి పట్టేవాడు, పెండ్లిళ్లకు సన్నాయి పట్టేవాడు. కొడుకు కత్తి వదిలి, సన్నాయి నేర్చుకొని, పదహారేండ్లకు వరంగల్ వచ్చి ఖాజా తండ్రి దగ్గర క్లారినెట్‌కు మారాడు. ఆ తర్వాత ఇరవై ఏండ్లు ఆయన లేకుంటే ఆ బ్యాండుకు నోరు లేనట్టే. ముహూర్తాలు పెట్టుకునేవాళ్లు పంతులును అడిగినంక ఖాజాను అడిగేవాళ్లు, ఆ తారీఖుకు మొగిలయ్య ఖాళీయేనా అని. సమ్మమ్మది నర్సంపేట. పెండ్లయిన ఏడేండ్లలో ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరు, ఒక చేట, తునికాకు కట్టలు, తంబాకు. కార్ఖానా నుంచి ఆకు తెచ్చి ఆమె బీడీలు చుడుతుంటే, ఆమె చేటలోంచే తీసుకొని ఆయన కాల్చేవాడు. దినానికి ఒక కట్ట పూర్తిగా అయిపోయేది. అది తాగుడు కిందికి వస్తుందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు. ఇంట్లో మామిడిచెట్టు ఉన్నవాడు కాయ తెంపుకున్నట్టే అనుకున్నారు.

దవడ మానింది. పెట్టుకొని తీసే కట్టుడు పండ్లు చేయించాడు. అన్నం తినడానికి, నవ్వడానికి అవి సరిపోయాయి. క్లారినెట్‌కు సరిపోలేదు. ఊపిరి బిగించగానే ప్లేటు కదిలేది. స్వరం కీచుమనేది. ఆ మాఘంలో ఒక ఊరేగింపులో ప్లేటు ఊడి రోడ్డు మీద పడింది. చుట్టూ ఉన్న జనం పడీపడీ నవ్వారు. మొగిలయ్య వంగి, దాన్ని వెతికి, కోటుకు తుడుచుకొని జేబులో వేసుకున్నాడు. మరునాడు ఖాజా ఆయన మొహం చూడలేక చూడలేక చేతికి ఇత్తడి తాళాలు ఇచ్చాడు. క్లారినెట్‌కు పరకాల నుంచి ఇంకెవరినో తెచ్చాడు.

ఏడాదిన్నర మొగిలయ్య తాళాలు కొట్టాడు. ఇంట్లో మాట్లాడడం తగ్గించాడు. పగలు క్లారినెట్ పెట్టె తెరిచి, గొట్టాలు తుడిచి, మళ్లీ మూసేవాడు. సమ్మమ్మ బీడీలు చుడుతూ చూసేది. ఆకు కత్తిరించే చెయ్యి ఆగేది కాదు.

దారి చూపింది రైస్ మిల్లు వెంకట్రాజం. తన ముగ్గురు బిడ్డల పెండ్లిళ్లకూ మొగిలయ్యే వాయించాడని ఆయనకు అభిమానం. “హైదరాబాద్‌ల కిషన్ రావని పండ్ల డాక్టరున్నడు. బయటిదేశంల నేర్చుకొచ్చిండట. ఎముక లోపట్నే రేకు దించి పన్ను పెడ్తడట, ఊడదు, తీసేది లేదు. పోయిరా, ఖర్చు ముచ్చట నాకిడిసిపెట్టు” అన్నాడు.

ఎనభై సంవత్సరం కార్తీకంలో మొగుడూ పెండ్లాం కలిసి పొద్దుటి రైలుకు పోయారు.

కిషన్ రావు పెద్దగా నవ్వే మనిషి కాదు. కానీ ఏదీ దాచలేదు. “ఇది కొత్త పని. ఇప్పటికి తొమ్మిది మందికి చేశాను. ఇద్దరికి నిలవలేదు” అన్నాడు. కాగితం మీద దవడ బొమ్మ గీసి చూపించాడు. “సొంత పన్నును చిగురు చుట్టూ గట్టిగా పట్టుకుంటుంది. ఈ లోహాన్ని అట్లా పట్టుకోదు. సందు దొరికితే పాచి దిగుతుంది, చిగురు వాస్తుంది, తర్వాత ఎముక కరిగిపోతుంది. నొప్పి కూడా ఉండదు, తెలిసేసరికి ఆలస్యమవుతుంది. అందుకే అడుగుతున్నా. బీడీ తాగుతావా?”

“అప్పుడొకటి ఇప్పుడొకటి సారూ.”

“వెనక దవడ పండ్లు నాలుగు లేవు. ఎట్లా పోయాయి?”

“చిన్నప్పుడు చెట్టు మీదికెళ్లి పడ్డ సారూ.”

సమ్మమ్మ గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. ఆ నాలుగూ ఒకటొకటిగా కదిలి, చిగుళ్లు చీము పట్టి, తన కండ్ల ముందే ఊడినవి. ఒకదాన్ని ఆయన దారం కట్టి తానే పీక్కున్నాడు.

“షుగర్ ఉందా?”

“లేదు సారూ.”

“సరే. మీ ఊళ్లోనే మూత్రం పరీక్ష చేయించి కాగితం తీసుకురా. అది చూసే పని మొదలుపెడతాను. షుగర్ ఉంటే మాత్రం చెయ్యను, ముందే చెప్తున్నా.”

సాయంత్రం తిరుగు రైలెక్కారు. ఆ ఏటి ఎండాకాలం నుంచే ఇంటి వెనక ఆయన మూత్రానికి కూర్చునే చోట చీమలు పడుతున్నాయి. సమ్మమ్మ చూసి, గల్లీలో సూదులేసే పోశయ్యను అడిగింది కూడా. “షుగర్ బీమారే కావచ్చక్కా, దవాఖానకు పంపు” అన్నాడతను. మొగిలయ్య పోలేదు.

స్టేషన్‌లో దిగాక ఆయన ఆగాడు. “సమ్మమ్మా, నీకు దండం పెడుత. సీసల నీది పోసియ్యి. నా పేరు మీద ఇస్త.”

“తప్పుగాదయ్యా?”

“తాళాలు కొట్టుకుంట సచ్చుడు తప్పుగాదా?”

ఆమె ఏడాదిన్నరగా చూస్తున్న ముఖం అది. కాదనలేకపోయింది. పొద్దున్నే సీసా నింపి ఇచ్చింది. కాగితం వచ్చింది. షుగర్ లేదని రాసి ఉంది.

పని జరిగిన రోజు ఆమె బయటి బెంచీ మీద కూర్చుంది. లోపలి నుంచి చిన్న సుత్తి చప్పుడు వినబడింది. టక్, టక్, టక్. కొంచెం ఆగి మళ్లీ. తన మొగుని ఎముక మీద దెబ్బ పడుతోందని తెలిసి కూడా ఆమెకు ఏడుపు రాలేదు. గెలిచినట్టనిపించింది. ఆ సంగతి తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసేది.

డాక్టరు చెప్పి పంపిన మాటలు ఆమెకు నోటికి వచ్చు. బీడీ బంద్. ఆరు నెలలు క్లారినెట్ ముట్టొద్దు. మెత్తటి బ్రష్షుతో రెండు పూటలా పన్ను మొదలు దగ్గర తోమాలి. మూడు నెలలకొకసారి వచ్చి చూపించాలి.

మొగిలయ్య నెలరోజులు బీడీ మానాడు. మాఘం వచ్చింది. రెండు నెలలు కూడా నిండకుండానే క్లారినెట్ నోట పెట్టాడు.

స్వరం తిరిగొచ్చింది. కొంచెం వణుకుతూ మొదలై, వారం తిరగకముందే పాతదానికంటే తియ్యగా వచ్చింది. సమ్మమ్మ ఒక సాయంత్రం పనిగట్టుకొని స్టేషన్ రోడ్డుకు పోయి, జనంలో నిలబడి విన్నది. ఎర్ర కోటు, నడుముకు జరీ పట్టీ, నడి రోడ్డు మీద తన మొగుడు. పక్కన నిలబడ్డ ముసలామె ఎవరో “ఎవలమ్మా గాయిన, గుండె తీస్తాండు” అన్నది. “మా ఆయనే” అనబోయి, చెంగు సర్దుకొని ఇంకొంచెం ముందుకు జరిగింది.

ఏడాదిన్నర అట్లా నడిచింది. హైదరాబాద్‌కు ఒక్కసారి పోయారు. రెండోసారికి పెండ్లి అడ్డమొచ్చింది. మూడోసారికి ఇంకో పెండ్లి. బీడీ ఎప్పుడు మళ్లీ మొదలైందో చెప్పలేం. ఎదురుగా చేట ఉంది, అందులో చుట్టిన బీడీలున్నాయి, చెయ్యి పోయింది.

ఎనభై రెండు వానాకాలంలో బ్రష్షు మీద రక్తం కనబడింది. రక్తం వస్తోందని మొగిలయ్య అక్కడ తోమడం మానేశాడు. పుండును కెలకకుంటే మానుతుంది కదా అనుకున్నాడు. ముందరి రెండు పండ్ల మీది చిగురు ఎర్రగా వాచి, మెరుస్తూ, వేలితో నొక్కితే ఇంత చీము వచ్చేది. నొప్పి లేదు. నొప్పి ఉంటే పోయేవాడేమో.

మొదట వాసన పట్టింది సమ్మమ్మే. అగ్గిపెట్టె కోసం ఆయన ఆమె మీదుగా వంగినప్పుడు గుప్పుమన్నది. పాత పుండు కట్టు విప్పితే వచ్చే వాసన. ఆమె ముఖం తిప్పుకోవడం ఆయన చూశాడు.

“ఏందే?”

“నోరు చూపియ్యి.”

“ఏం లేదు. మౌత్‌పీసుల రీడు పుల్ల పాతదైంది, దాని వాసన.”

“రీడు చీము కారుతదా? హైదరాబాద్ పోదాం నడువు.”

“పండుగ పోనీ.”

ఆమె బీడీలు సందూకలో పెట్టి తాళం వేసింది. ఆయన కిరాణం కొట్టులో కొనుక్కున్నాడు. ఆమె అరిచింది, అన్నం వండకుండా ఒక పూట పస్తు పెట్టింది, ఖాజాకు చెప్పింది. ఖాజా పిలిచి అడిగితే “మంచిగనే ఉంది ఉస్తాద్, విను” అని వాయించి చూపించాడు. నిజంగా మంచిగనే వినబడింది. ఆ పన్ను ఎముకలో ఎంత వదులైందో పాటలో తెలియలేదు.

చివరకు ఎనభై మూడు చివర్లో తీసుకుపోగలిగింది. కిషన్ రావు పన్ను పట్టుకొని మెల్లగా కదిపి చూసి, ఎక్స్‌రే తీశాడు. తడి ఫిల్మును వెలుగుకు పెట్టి వాళ్లను పిలిచాడు. రేకు చుట్టూ తెల్లగా ఉండాల్సిన ఎముక నల్లగా, గిన్నెలా గుంట పడి ఉంది. పక్కనున్న సొంత పండ్ల వేర్ల దాకా ఆ నలుపు పాకింది.

“మూడేండ్లలో ఇంతనా?” అని ఆయన తనలో తానే అనుకున్నట్టు అన్నాడు. పాత కాగితాల్లోంచి పరీక్ష చీటీ తీసి మళ్లీ చదివాడు. “షుగర్ లేని మనిషికి ఇంత తొందరగా…”

సమ్మమ్మ బల్లకు దగ్గరగా జరిగింది. “గా సీసలది నాది సారూ” అన్నది.

ఆయనకు అర్థం కాలేదు. ఆమె మళ్లీ చెప్పింది. చీమల సంగతి చెప్పింది. దారం కట్టి పీక్కున్న పన్ను సంగతి, దినానికొక కట్ట సంగతి, అన్నీ చెప్పింది. మొగిలయ్య నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “నాకప్పుడే తెలిసుంటే…” అన్నాడు.

“చేసేటోళ్లు కాదు. గంతే గద సారూ” అన్నాడు మొగిలయ్య.

“అవును. చేసేవాణ్ని కాదు. నీ ఎముక నీకుండేది.” ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆమెను ఎక్కువ కోసింది. “రేకు ఇప్పుడే తీసెయ్యాలి. షుగర్ మందు ఇవాళ్టి నుంచే మొదలుపెట్టాలి. ఇక్కడే ఉండండి, రెండు రోజుల్లో చేస్తాను.”

“ఈ మాఘం ఒక్కటి గడువనియ్యుండ్రి సారూ. బయానాలు తీసుకున్నం.”

“మొగిలయ్యా, అది మాఘం కోసం ఆగదు.”

ఆయన వినలేదు. ఆమె చెయ్యి పట్టుకొని గుంజినా వినలేదు. రైలెక్కాడు.

మాఘం సగం కూడా గడవలేదు. ఒక పొద్దున లేచేసరికి పై పెదవి, ముక్కు, ఎడమ కన్ను ఒక్కటై వాచి ఉన్నాయి. ఒళ్లు కాలిపోతోంది. మాట తడబడుతోంది. ఖాజా రిక్షాలో పెద్ద దవాఖానకు చేర్చాడు. షుగర్ ఎంతుందో విని అక్కడి డాక్టరమ్మ సమ్మమ్మ వైపు, ఇన్నాళ్లు ఏం చేశారన్నట్టు చూసింది. పదకొండు రోజులు పానం ఉంటదో పోతదో అన్నట్టే గడిచింది. రేకు తీశారు. అది తీయలేదు, దానంతటదే వచ్చిందని నర్సు చెప్పింది. దాని వెంట చచ్చిన ఎముక ముక్కలు, పక్క పండ్లు నాలుగు పోయాయి.

నలభై రోజులకు ఇంటికొచ్చాడు. ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. ఒక గుక్క తాగగానే నీళ్లు ముక్కులోంచి కారాయి. అంగిలి ముందు భాగంలో, ముక్కులోకి, చిటికెన వేలు పట్టే రంధ్రం.

పెట్టె తీసి క్లారినెట్ బిగించమని ఆమెకు సైగ చేశాడు. ఆమె వద్దన్నది. ఆయనే బిగించుకొని చిగుళ్ల మధ్య పెట్టుకొని ఊదాడు. గాలంతా ముక్కులోంచి పోయింది. గొట్టంలోంచి ఏమీ రాలేదు. కీచు కూడా రాలేదు. ఇంకోసారి ఊదాడు. అప్పుడు విప్పి, ఒక్కో ముక్కా తుడిచి, పెట్టెలో సర్ది, మూత వేశాడు. ఏడ్వలేదు. సమ్మమ్మే వంటింట్లోకి పోయి చెంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

దవాఖాన వాళ్లు రంధ్రానికి మూతలా ఒక ప్లేటు చేసిచ్చారు. దాంతో అన్నం తినగలిగాడు. మాట మాత్రం ముక్కులోంచే వచ్చేది. పరకాల అనబోతే మరకాల అని వచ్చేది. బీడీ, మీడీ అయ్యేది. సమ్మమ్మా అన్న పిలుపొక్కటే కొంచెం సాఫుగా పలికేది. అందుకేనేమో, పని లేకున్నా పిలిచేవాడు. ఇంట్లో ఉన్నంతసేపు, బయటికి పోయినంతసేపు మూతి మీదికి తువ్వాల కప్పుకునేవాడు.

ఆమె కార్ఖానాకు చేట తిరిగిచ్చేసింది. “నీ చేతి బీడీ కాకపోతే ఇంకొకలది తాగేటోడు, నీదేం తప్పు” అని వాడకట్టు ఆడవాళ్లు అన్నారు. కావచ్చు. కానీ ఆమె మళ్లీ ఆకు ముట్టలేదు. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ల ఇంట్లో నూలు కండెలు చుట్టే పనికి కుదిరింది. రోజూ అంత దూరం నడిచి పోయి వచ్చేది. మొగిలయ్య ఖాజా దగ్గరే రీడ్లు గీకే పని, వాయిద్యాలు బాగుచేసే పని చేశాడు. బీడీ మళ్లీ ముట్టలేదు. ముట్టకున్నా అయ్యేదేమీ లేదు.

ఎనభై ఏడులో ఒక మధ్యాహ్నం ఆమె సద్ది తీసుకొని బ్యాండు గదికి పోయింది. కొత్త క్లారినెట్‌వాడు ఎల్లస్వామి వాయించడం ఆపి, బయటికి వచ్చి ఉమ్మేశాడు. ఎర్రగా పడింది. “వేడి చేసింది” అని నవ్వి బీడీ అంటించుకున్నాడు. పాతికేండ్లు దాటని వాడు.

లోపలి నుంచి మొగిలయ్య అది చూశాడు. చేతిలో గీకుతున్న రీడు కింద పెట్టాడు. లేచి వచ్చి ఎల్లస్వామి భుజం పట్టుకొని లోపలికి తెచ్చాడు. బ్యాండు వాళ్లు పది మంది ఉన్నారు. వాళ్ల నడుమ నిలబడి తువ్వాల తీశాడు. నోట్లో వేలు పెట్టి ప్లేటు ఊడబెరికి అరచేతిలో పెట్టుకున్నాడు. కిటికీ వైపు తిరిగి, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచాడు.

మూడేండ్లుగా ఎవరికీ చూపించని నోరది. ఖాజా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఎల్లస్వామి తిప్పుకోబోతే మొగిలయ్య గడ్డం పట్టి ఇటే తిప్పాడు. అప్పుడు సమ్మమ్మ వైపు చూసి ఏదో అన్నాడు. ప్లేటు లేని నోటి నుంచి వచ్చిన ఆ మాట ఆమెకొక్కదానికే అర్థమైంది. చెప్పు, ఏదీ దాచకు, అంటున్నాడు.

ఆమె పది మంది మగవాళ్ల ముందు ఎన్నడూ మాట్లాడింది లేదు. సద్ది గిన్నె చేతిలో అట్లనే ఉంది. “చిగుళ్లల్ల రక్తం వచ్చుడే మొదలు నాయనా” అన్నది ఎల్లస్వామితో. “నొప్పి ఉండది. నొప్పి లేదని ఊకోకు. బీడీ పారెయ్యి. షుగర్ చూపిచ్చుకో. డాక్టరుకు అబద్ధం చెప్పకు. మేం చెప్పినం.” తర్వాత మొత్తం చెప్పింది. మొగిలయ్య నోరు మూయకుండా అట్లనే నిలబడ్డాడు.

ఎల్లస్వామి మరునాడే దవాఖానకు పోయాడు. మూడు పండ్లు పోయినా మిగతావి దక్కాయి. ఆ రోజు బీడీలు పారేసిన ఇంకో ఇద్దరు నెల తిరక్కుండానే మళ్లీ అంటించారు.

ఎనభై తొమ్మిది చలికాలంలో మొగిలయ్య కాలి బొటనవేలికి చిన్న దెబ్బ తగిలింది. షుగర్‌కు అది మానలేదు. నల్లబడి పైకి పాకింది. కాలు తీయాలన్నారు, ఆయన ఒప్పుకున్నాడు, కానీ అంతదాకా పానం ఆగలేదు. దవాఖాన నుంచి ఖాజా కబురు పంపినప్పుడు సమ్మమ్మ కొత్తవాడలో కండెలు చుడుతోంది. చుడుతున్న కండె పక్కన పెట్టి, చీరకంటిన నూలు పోగులు దులుపుకొని, లేచి దవాఖాన దిక్కు నడిచింది.